పరాయి కంప్యూటరుపై బూటబుల్ పెన్‌డ్రైవును సిద్ధపఱచు విధానము

2025 సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను నిర్వాహక వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థవారు సామాన్యముగా ఇచ్చుచుండిన భద్రతా సవరణలు నిలిచిపోయినవి. సొంత కంప్యూటర్లకు మఱియొక యేడు పొడిగింపు పథక మొకటి ఆ సంస్థవారు ప్రకటించిరి గాని, అది కాలక్షేపమే కాని పరిష్కారము కాదు. దాని తరువాత వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 అను భద్రతాఖండమును, సుమారు 2018 తరువాత వెలువడిన ప్రాసెసరును కోరుచున్నది. అందుచేత 2012లోనో 2015లోనో కొన్న యంత్రము ఎంత చక్కగా పనిచేయుచున్నను దానికి అనర్హమగుచున్నది. యంత్రము చెడలేదు, దానిలోని వ్యవస్థకు పోషకుడు లేకపోయెను.

ఈ సంగతి నగరములందలి పెద్ద సంస్థలకు పెద్ద చిక్కు కాకపోవచ్చును. కాని బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాము వంటి తావులలో సభ్యుల చందాలతో నడచుచున్న సంఘమునకుగాని, చిన్న గ్రంథాలయమునకుగాని, ఆదివారపు తెలుగు తరగతికిగాని ఇది తేలిక విషయము కాదు. సభ్యుల పట్టిక, చందాల లెక్క, పాత సంచికల ప్రతిబింబములు, పిల్లల వాచకములు - అన్నియు ఆ యొక్క యంత్రముననే యుండును. సవరణలు లేని వ్యవస్థతో దానిని ఇంటర్నెట్టునకు తగిలించి యుంచుట తలుపునకు గడియ లేని యింట నిద్రించుటవంటిది. మూలకు నెట్టుదమన్న క్రొత్తదానికి ధనము చాలదు. ఇట్టి యంత్రములకు లినక్సు అను స్వేచ్ఛా వ్యవస్థను ఎక్కించి మఱికొన్ని యేండ్లు పని చేయించుకొనుట సాధ్యము. అందుకు వలసినది ఒక పెన్‌డ్రైవు, ఒక గంట కాలము, కొంత జాగరూకత.

అయితే ఇందొక మెలిక కలదు. బాగు చేయవలసిన యంత్రము ఒక్కొక్కప్పుడు తానుగా లేవలేని స్థితిలో నుండును. అప్పుడు పెన్‌డ్రైవును మఱియొక కంప్యూటరుపై తయారు చేయవలెను. ఆ రెండవ కంప్యూటరు తఱచుగా వేఱు జాతిదై యుండును. కార్యదర్శిగారి కుమారుని యొద్ద మ్యాక్ ఉండవచ్చును, కోశాధికారిగారి యొద్ద విండోస్ ఉండవచ్చును. ఒక జాతి యంత్రముపై మఱియొక జాతి వ్యవస్థను మేల్కొలుపు సాధనమును నిర్మించుటెట్లు అనునదే ఈ వ్యాసమునకు విషయము.

నకలు తీసినంత మాత్రమున చాలదు

ఈ పనికి పూనుకొన్నవారు సామాన్యముగా మొదట చేయు ప్రయత్నము, డౌన్‌లోడు చేసికొన్న ఐ.ఎస్.ఓ. దస్త్రమును పెన్‌డ్రైవులోనికి నకలు చేయుట. పాటనో ఛాయాచిత్రమునో ఎక్కించినట్లే దీనిని గూడ ఎక్కించి, పాత యంత్రమునకు తగిలించి, మీట నొక్కి ఎదురుచూతురు. ఏమియు జరుగదు. ఎందుకు జరుగదో తెలిసికొన్నచో తక్కిన పని యంతయు సులభముగా బోధపడును గనుక ఇచ్చట కొంత నిలిచి పరిశీలింతము.

బూటు అనునది బూట్‌స్ట్రాప్ అను ఆంగ్లపదమునకు కుదింపు. పాదరక్ష వెనుకనుండు పట్టీని పట్టుకొని మనుష్యుడు తన్నుదానే పైకెత్తుకొనుట దాని భావము. కంప్యూటరు లేచు సమయమున సరిగా ఇట్టి వింతయే జరుగవలసియున్నది. దస్త్రములను చదువుటకు నిర్వాహక వ్యవస్థ కావలెను. ఆ నిర్వాహక వ్యవస్థయో తానే దస్త్రముల రూపమున డిస్కులో నిద్రించుచున్నది. కనుక యంత్రపు మదర్‌బోర్డుమీది చిన్న చిప్పులో శాశ్వతముగా వ్రాసియుంచిన ఒక చిన్న ప్రోగ్రాము ముందుగా మేల్కొని, పెద్దదానిని లేపవలెను. ఆ చిన్నది మిక్కిలి అల్పజ్ఞురాలు. తనకు చెప్పియుంచిన చోటును మాత్రమే చూచును. అచ్చట తనకు తెలిసిన గుర్తు లేకపోయినచో పెదవి విఱిచి ఊరకుండును.

పాత యంత్రములలో ఆ ప్రోగ్రామునకు బయాస్ అని పేరు. అది డిస్కుయొక్క మొట్టమొదటి సెక్టారును, అనగా 512 బైట్లను మాత్రమే చదువును. 1983లో ఐ.బీ.ఎం. వారి పీసీ డాస్ 2.0 నాటినుండి ఆ 512 బైట్ల పంపకము స్థిరపడియున్నది: 446 బైట్లు మేల్కొలుపు సూచనలకు, 64 బైట్లు డిస్కులోని నాలుగు విభాగముల పట్టికకు, చివరి 2 బైట్లు ముద్రకు. ఆ ముద్ర లేనిచో బయాస్ ఆ డిస్కును బూటునకు పనికివచ్చునదిగా ఎంచదు. 446 బైట్లలో ఏమి పట్టునని చదువరులు శంకింపవచ్చును. తెలుగక్షరమొక్కటి యూనికోడు యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసికొనును గనుక, మన లిపిలో నూటయేబది అక్షరములకు కూడ ఆ చోటు చాలదు. అంత ఇఱుకులో నున్న సూచన, మఱియొకచోటనున్న పెద్ద సూచనను పిలుచును. అది వ్యవస్థను పిలుచును.

క్రొత్త యంత్రములలో బయాస్ స్థానమున యూఈఎఫ్‌ఐ వచ్చినది. ఇంటెల్ సంస్థ మొదలిడిన ఈ పద్ధతిని 2005లో ఏర్పడిన సంస్థాకూటమి ఒకటి పోషించుచున్నది. ఇది బయాస్ కన్న కొంత చదువుకొన్నది. ఫ్యాట్ అను సరళమైన దస్త్రపద్ధతిని తాను చదువగలదు. పెన్‌డ్రైవు వంటి బయటి సాధనమునందు ఈఎఫ్‌ఐ అను సంచిలోని బూట్ అను సంచిలో, 64 బిట్ల ఇంటెల్ జాతికి బూట్‌ఎక్స్64 అను పేరుగల దస్త్రము కొఱకు వెదకును. అది దొరకినచో నడిపించును. లేనిచో ముందునకు సాగును.

ఇప్పుడు మొదటి ప్రయత్నము ఏల విఫలమైనదో స్పష్టమగుచున్నది. ఐ.ఎస్.ఓ. దస్త్రమనగా ఒక డిస్కుయొక్క సంపూర్ణ ప్రతిబింబము, మూటగట్టిన ఇల్లు. దానిని పెన్‌డ్రైవులో నకలు చేసినపుడు మూట మూటగానే లోపల పడియుండును. బయాస్ మొదటి సెక్టారును చూచును, అచ్చట మూటలోని మేల్కొలుపు సూచన లేదు. యూఈఎఫ్‌ఐ సంచిని వెదకును, ఆ సంచి మూటలోపల నున్నది. మూటను విప్పి, ఇంటిని దాని పునాదితో సహా పెన్‌డ్రైవుపై నిలువబెట్టవలెను. దీనినే ప్రతిబింబమును వ్రాయుట, లేక ఫ్లాష్ చేయుట అందురు.

ఈ మూటకు ఒక చిత్రమైన చరిత్ర కలదు. ఐ.ఎస్.ఓ. 9660 అను ప్రమాణము 1988లో సీడీల కొఱకు పుట్టినది. సీడీనుండి కంప్యూటరును లేపు పద్ధతిని 1995లో ఫీనిక్సు, ఐ.బీ.ఎం. సంస్థలవారు కలిసి ప్రకటించిరి. దానికి పేరు ఎల్ టొరిటో. ఇది కాలిఫోర్నియాలోని ఒక భోజనశాల పేరు. ఇంజనీర్లు అచ్చట కూర్చుండి ముచ్చటించుకొన్నందున ప్రమాణమునకును ఆ పేరే నిలిచినదని చెప్పుదురు. సీడీ పద్ధతికిని డిస్కు పద్ధతికిని పొత్తు లేదు: సీడీ సెక్టారు 2048 బైట్లు, దాని బూటు సమాచారము వేఱొకచోట నుండును. అయితే సీడీ ప్రమాణమును రచించినవారు మొదటి 16 సెక్టార్లను, అనగా 32,768 బైట్లను, ఎవరికి కావలసినట్లు వారు వాడుకొనుటకు ఖాళీగా విడిచిరి. లినక్సు నిపుణులు ఈ ఖాళీని కనిపెట్టి, అందులో డిస్కునకు వలసిన 512 బైట్ల మొదటి సెక్టారును, విభాగముల పట్టికను ఇమిడ్చిరి. అందుచేత ఒకే దస్త్రము సీడీకి సీడీగాను, పెన్‌డ్రైవునకు డిస్కుగాను చెల్లుచున్నది. ఇట్టివానిని సంకర ప్రతిబింబములు అందురు. డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్ మొదలైనవాని ప్రతిబింబములన్నియు ఇట్టివే. వానిని మొదటి బైటునుండి చివరి బైటువఱకు ఉన్నదున్నట్లు పెన్‌డ్రైవుపై వ్రాసిన చాలును. వ్రాయు యంత్రము మ్యాక్ అయినను, విండోస్ అయినను, లినక్సే యైనను భేదము లేదు, బైట్లకు జాతిలేదు.

విండోస్ ప్రతిబింబము అట్టిది కాదు. దాని సంగతి ముందు చెప్పెదము.

దేనిని తెచ్చుకొనవలెను

పాత యంత్రమునకు ఏ లినక్సు తగునను ప్రశ్నకు పలువురు పలువిధములుగా చెప్పుదురు. విండోస్ అలవాటుపడిన పెద్దలు వాడుకొనుటకు లినక్స్ మింట్ అనుకూలమని నా తలంపు. అది కోరు జ్ఞాపకశక్తి కనీసము 2 గిగాబైట్లు, సుఖముగా నడచుటకు 4. డిస్కుపై కనీసము 20 గిగాబైట్లు. దాని ప్రతిబింబము సుమారు 3 గిగాబైట్లుండును గనుక 8 గిగాబైట్ల పెన్‌డ్రైవు చాలును. 32 బిట్ల ప్రాసెసరు గల మిక్కిలి పాత యంత్రములకు మింట్ పనికిరాదు. డెబియన్ కూడ 2025 ఆగస్టులో వెలువడిన 13వ సంచికనుండి 32 బిట్ల యంత్రములలో స్థాపించు వసతిని విడిచినది. అట్టివారికి 2023 నాటి 12వ సంచికయే చివరి ఆశ్రయము.

ప్రతిబింబమును ఎన్నుకొనునపుడు, దానిని తయారు చేయు యంత్రమును గాక, అది నడువవలసిన యంత్రమును తలంచుకొనవలెను. ఈ కాలపు మ్యాకులు ఆపిల్ సంస్థవారి సొంత చిప్పుతో నడచుచున్నవి, అవి ఏ.ఆర్.ఎం. జాతివి. వానిపై కూర్చుండినవారు సహజముగా తమ యంత్రమునకు తగిన ఏ.ఆర్.ఎం. ప్రతిబింబమును ఎన్నుకొని, అది పాత ఇంటెల్ యంత్రముపై లేవకున్నదని ఆశ్చర్యపడుదురు. మఱియొక భ్రాంతి పేరువలన కలుగుచున్నది. డెబియన్ వారి దస్త్రముపై ఏ.ఎం.డీ. 64 అని యుండును. మన యంత్రము ఇంటెల్ గదా, ఇది మనది కాదని కొందఱు వెనుదీయుదురు. 64 బిట్ల విస్తరణమును మొదట రూపొందించినది ఏ.ఎం.డీ. సంస్థ, ఇంటెల్ దానినే స్వీకరించినది. ఆ గౌరవము పేరులో నిలిచినదే గాని, దస్త్రము రెంటికిని చెల్లును.

తెచ్చుకొన్న దస్త్రమును పరీక్షింపకుండ వాడరాదు. ఇది ఛాదస్తము కాదు. 2016 ఫిబ్రవరి 20వ తేదీన లినక్స్ మింట్ వారి స్థానములోనికే దొంగలు చొఱబడి, డౌన్‌లోడు మార్గమును రహస్య ద్వారము గల కల్తీ ప్రతిబింబమువైపు మరలించిరి. పరీక్షించినవారు బయటపడిరి, పరీక్షింపనివారు దొంగకు తాళము చెవిని తామే ఇచ్చినవారైరి. పరీక్ష ఇట్లు జరుగును: ప్రతి దస్త్రమునకును ఎస్.హెచ్.ఏ.-256 అను గణితమువలన 64 అక్షరముల వ్రేలిముద్ర వంటి సంఖ్య వచ్చును. దస్త్రములో ఒక్క బిట్టు మాఱినను ముద్ర యంతయు మాఱిపోవును. ప్రచురణకర్తలు ప్రకటించిన ముద్రతో మన ముద్రను సరిపోల్చవలెను. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అను ఆజ్ఞ, మ్యాకులో షాసమ్ అను ఆజ్ఞ, లినక్సులో ఎస్.హెచ్.ఏ.256సమ్ అను ఆజ్ఞ ఈ ముద్రను లెక్కించి చూపును. ముద్రల పట్టికపై ప్రచురణకర్తల సంతకమును గూడ పరీక్షించుట ఉత్తమము. స్థానమే దొంగల చేజిక్కినపుడు అచ్చటి ముద్రలను గూడ వారు మార్చగలరు. నడుమ తెగిపోయిన డౌన్‌లోడు గూడ ఈ పరీక్షలోనే పట్టుబడును. మన యూళ్లలో దొంగలకన్న ఇదియే అధికము.

వ్రాయు విధానము

విండోస్ యంత్రముపై ఈ పనికి రూఫస్ అను చిన్న ప్రోగ్రాము ప్రసిద్ధము. ఇది విండోస్‌పై మాత్రమే నడచును. పెన్‌డ్రైవును, ప్రతిబింబమును చూపి ప్రారంభించినచో, సంకర ప్రతిబింబమని గుర్తించి, ఐ.ఎస్.ఓ. పద్ధతియా, డి.డి. పద్ధతియా అని అడుగును. మొదటిది దస్త్రములను విప్పి పేర్చుట. రెండవది ఉన్నదున్నట్లు వ్రాయుట. రూఫస్ మొదటిదానిని సిఫార్సు చేయును. దానితో యంత్రము లేవకున్న రెండవదానిని ప్రయత్నింపవలెను. విభాగ పద్ధతిని గూర్చి అడిగినపుడు, క్రొత్త యూఈఎఫ్‌ఐ యంత్రమునకు జీపీటీ, పాత బయాస్ యంత్రమునకు ఎం.బీ.ఆర్. అని ఎన్నుకొనవలెను.

బలేనా ఎచ్చర్ అను ప్రోగ్రాము విండోస్, మ్యాక్, లినక్సు మూటిపైనను ఒకే తీరున నడచును. ప్రతిబింబమును చూపుట, పెన్‌డ్రైవును చూపుట, వ్రాయుట - ఇంతే. వ్రాసిన పిదప తిరిగి చదివి సరిచూచును. కంప్యూటరు లోపలి డిస్కును సామాన్యముగా పట్టికలో చూపదు. క్రొత్తవారికి ఇదియే క్షేమమని చెప్పవచ్చును.

మ్యాక్ యంత్రముపై ఏ ప్రోగ్రామును స్థాపింపకుండ టెర్మినల్ నుండియు ఈ పని చేయవచ్చును. అందుకు డి.డి. అను ఆజ్ఞ కలదు. యూనిక్సు కాలమునాటి ఈ ఆజ్ఞను డిస్కు విధ్వంసకుడని పరిహాసముగా పిలుచుట కలదు. అది ఏ ప్రశ్నయు వేయదు, ఎచ్చట వ్రాయమన్న అచ్చట వ్రాయును. కనుక మొదట పెన్‌డ్రైవు లేకుండ డిస్క్‌యుటిల్ లిస్ట్ అను ఆజ్ఞ నిచ్చి పట్టికను చూడవలెను. పిదప పెన్‌డ్రైవును తగిలించి మరల చూడవలెను. క్రొత్తగా వచ్చి చేరినదే మన పెన్‌డ్రైవు. దానియెదుట ఎక్స్‌టర్నల్ అనియు, దాని పరిమాణమును కనబడును, రెంటిని సరిచూచుకొనవలెను. డిస్క్ 0 అనునది సామాన్యముగా మ్యాకుయొక్క సొంత డిస్కు. దానిపై చేయి వేసినచో ఆ మ్యాకునకే మఱియొక పెన్‌డ్రైవు అవసరమగును. గుర్తించిన పిదప ఆ డిస్కును అన్‌మౌంట్ చేయవలెను. ఎజెక్ట్ చేయరాదు, చేసినచో పట్టికనుండియే తొలగిపోవును. ఆజ్ఞలో గమ్యస్థానమును వ్రాయునపుడు డిస్క్ అను మాటకు ముందు ఆర్ అను అక్షరమును చేర్చినచో నడిమి నిలువలు లేకుండ నేరుగా వ్రాయబడి పని మిక్కిలి వేగముగా ముగియును. ఒక్కొక్క మాఱు వ్రాయవలసిన పరిమాణమును 4 మెగాబైట్లని చెప్పుటకు మ్యాకులో చిన్న ఎం అక్షరమును, లినక్సులో పెద్ద ఎం అక్షరమును వాడుట సురక్షితము. పని జరుగుచున్నంతసేపు తెర నిశ్శబ్దముగా నుండును, ఆగిపోయినదని త్రెంపరాదు. కంట్రోల్, టీ మీటలను కలిపి నొక్కినచో ఎంతవఱకు వచ్చినదో మ్యాక్ తెలుపును.

లినక్సుపై నున్నవారికి ఇదే ఆజ్ఞ చెల్లును. అచ్చట వ్రాయుట ముగిసినట్లు కనబడినను కొంత భాగము జ్ఞాపకములోనే నిలిచియుండవచ్చును. సింక్ అను ఆజ్ఞ ముగియువఱకు పెన్‌డ్రైవును ఊడదీయరాదు.

వ్రాయుట ముగిసిన క్షణమున అనేకులను భయపెట్టు సందేశ మొకటి వచ్చును. మ్యాక్, ఈ డిస్కును నేను చదువలేకున్నాను అని మూడు మార్గములను చూపును. విండోస్, దీనిని వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెనని చెప్పును. పని చెడినదని తలచి ఇనీషియలైజ్ అనియో ఫార్మాట్ అనియో నొక్కినచో అప్పుడు నిజముగనే చెడును. ఆ యంత్రమునకు తెలియని భాషలో పుస్తకము వ్రాయబడినది. అది చదువలేకపోవుట సహజము. మ్యాకులో ఎజెక్ట్, విండోస్‌లో క్యాన్సిల్ నొక్కి పెన్‌డ్రైవును తీసికొనవలెను.

విండోస్ పెన్‌డ్రైవును ఇతర యంత్రములపై చేయుట

దీనికి వ్యతిరేకమైన అవసరమును కలుగవచ్చును. విండోస్ 11నకు అర్హమైన యంత్రమే యుండి, చేతిలో మ్యాకో లినక్సో మాత్రమే యుండవచ్చును. మైక్రోసాఫ్టు వారి పెన్‌డ్రైవు నిర్మాణ సాధనము విండోస్‌పై మాత్రమే నడచును. ప్రతిబింబము మాత్రము అందఱకును లభించును. దానిని డి.డి.తో వ్రాసినచో లేవదు. అది సంకర ప్రతిబింబము కాదు, దాని మొదటి సెక్టారులో డిస్కు ముద్ర లేదు. ఎచ్చర్ గూడ విభాగపట్టిక లేదని హెచ్చరించును.

యూఈఎఫ్‌ఐ ఫ్యాట్ పద్ధతిని చదువగలదని పైన చెప్పితిమి గదా. కనుక పెన్‌డ్రైవును ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, విండోస్ ప్రతిబింబమును తెఱచి, అందలి దస్త్రములను నకలు చేసిన చాలును. కాని ఇచ్చట ఒక అడ్డంకి. ఫ్యాట్32లో ఒక్క దస్త్రపు గరిష్ఠ పరిమాణము 4,294,967,295 బైట్లు, అనగా 4 గిగాబైట్లకు ఒక్క బైటు తక్కువ. విండోస్ మూలమంతయు ఇమిడియున్న ఇన్‌స్టాల్ డాట్ విమ్ అను దస్త్రము ఈ మధ్యకాలపు సంచికలలో ఆ హద్దును దాటినది. అందుచే దానిని విడిచి తక్కిన వానిని నకలు చేసి, దీనిని మాత్రము విమ్‌లిబ్ అను స్వేచ్ఛా ప్రోగ్రాముతో 3,800 మెగాబైట్ల వంతున తునుకలు చేసి, ఎస్.డబ్ల్యూ.ఎం. అను కొసపేరుతో అదే సంచిలో నుంచవలెను. విండోస్ స్థాపక ప్రోగ్రాము ఆ తునుకలను తానే గుర్తించి కలుపుకొనును. రూఫస్ ఈ చిక్కును వేఱొక విధమున దాటును: పెన్‌డ్రైవును ఎన్.టీ.ఎఫ్.ఎస్. పద్ధతిలో నుంచి, దానిని చదువ నేర్పు చిన్న మేల్కొలుపు విభాగమును చేర్చును.

విండోస్ 11 కోరు నిబంధనలను తప్పించు వసతియు రూఫస్‌లో కలదు. అట్టి యంత్రములకు సవరణలను పొందు హక్కు లేదని మైక్రోసాఫ్టు వారు చెప్పియున్నారు. ఒంటరి గృహస్థుడు తన సాహసముతో చేసికొనిన చేసికొనవచ్చును గాని, పదిమంది సమాచారమును భద్రపఱుపవలసిన సంఘమున కది తగదు.

పాత యంత్రమును మేల్కొలుపుట

ముందుగా లోపలి దస్త్రములను వేఱొక డిస్కునకు నకలు చేసికొనవలెను. ఇది చేయకుండ తరువాతి వాక్యమును చదువవలదని వేడుచున్నాను. స్థాపనమున డిస్కు యంతయు తుడిచివేయబడును. విండోస్ లేవని యంత్రమైనచో, మనము తయారు చేసిన పెన్‌డ్రైవే రక్షకమగును: లినక్సు పెన్‌డ్రైవునుండి, డిస్కును ముట్టకుండ, జ్ఞాపకశక్తిలోనే నడువగలదు. ఆ స్థితిలో లోపలి దస్త్రములను తెఱచి మఱియొక డ్రైవునకు తీసికొనవచ్చును. విండోస్ బిట్‌లాకర్‌తో గూఢపఱచిన డిస్కైనచో 48 అంకెల తాళపు సంఖ్య కావలెను. విండోస్ ఇంకను లేచుచున్నపుడే దానిని వ్రాసి దాచుకొనవలెను. విండోస్‌ను షిఫ్ట్ మీట నొక్కిపట్టి ఆపినచో సంపూర్ణముగా ఆగును. లేనిచో అది సగము నిద్రలో నుండి, లినక్సును ఆ డిస్కుపై వ్రాయనీయదు.

పెన్‌డ్రైవును తగిలించి యంత్రమును ప్రారంభించునపుడు, సంస్థ గుర్తు తెరపై కనబడు కొన్ని క్షణములలో ఒక మీటను పలుమాఱులు నొక్కవలెను. డెల్, లెనోవో యంత్రములలో తఱచుగా ఎఫ్12, హెచ్.పీ.లో ఎఫ్9, ఇంటెల్ మ్యాకులలో ఆప్షన్ మీట. ఏసర్ యంత్రములలో ఎఫ్12 జాబితాను ముందుగా సెటప్‌లో అనుమతింపవలసి యుండును. 2018 నుండి 2020 వఱకు వచ్చిన టీ2 చిప్పు గల మ్యాకులు బయటి డిస్కునుండి లేచుటకు ప్రత్యేకముగా అనుమతి నీయవలెను. సెక్యూర్ బూట్ అను కాపలావాని చూచి బెదరవలదు. ఉబుంటు, మింట్, డెబియన్ మూడును మైక్రోసాఫ్టు సంతకము గల ద్వారమునుండియే ప్రవేశించును.

లేచిన పిదప వెంటనే స్థాపింపక, ఒకటి రెండు దినములు పెన్‌డ్రైవునుండియే నడిపి చూడుట వివేకము. వైఫై, ధ్వని, ప్రింటరు పనిచేయుచున్నవా అని చూడవలెను. నచ్చనిచో పెన్‌డ్రైవును తీసి యంత్రమును తిరిగి ప్రారంభించిన పాత స్థితియే యుండును.

తెలుగు సంగతి

మన సంఘములకు అన్నిటికన్న ముఖ్యమైన పరీక్ష ఇది. యూనికోడులో తెలుగునకు 1991 నాటి మొదటి సంచికలోనే చోటు లభించినది. యూనికోడులో వ్రాసిన తెలుగు లినక్సులో నిరాటంకముగా తెఱచుకొనును. గౌతమి వంటి మైక్రోసాఫ్టు అక్షరరూపములు అచ్చట లేకున్నను అక్షరములు చెడవు. లోహిత్ తెలుగు వంటి మఱియొక రూపమున కనబడును. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన అను అక్షరరూపములు డెబియన్ కోశముననే లభించును. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును, ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాయు ఆర్.టీ.ఎస్. పద్ధతియు రెండును ఏర్పఱచుకొనవచ్చును. పొరుగు భాషలో చదువుకొనుచున్న మన పిల్లలకు ఇందొక సౌకర్యము: తెలుగు ప్రక్కనే కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో చేర్చుకొని, ఒక మీటల జంటతో మార్చుకొనవచ్చును. డెబియన్ స్థాపక ప్రోగ్రామే తెలుగులో మాటలాడగలదు. అయితే చిత్రరూప స్థాపకమును ఎన్నుకొనవలెను, అక్షరమాత్రమైన తెరపై మన గుణింతములను, ఒత్తులను కూర్చు శక్తి లేదు.

చిక్కంతయు అను వంటి పాత అక్షరరూపములతో కూర్చిన దస్త్రములతోనే. అవి యూనికోడు కావు. ఆంగ్లాక్షరముల స్థానమున తెలుగు ముక్కల నుంచి, పేజ్‌మేకరు వంటి విండోస్ ప్రోగ్రాములలో కూర్చినవి. మన సంఘముల పాత సంచికలు అనేకము ఇట్టివే యగును. లినక్సులో తెఱచినచో అర్థములేని గుర్తుల గుంపు కనబడును, పేజ్‌మేకరు అచ్చట సహజముగా నడువదు. కావున విండోస్‌ను తుడుచుటకు ముందే, ఆ యంత్రముపైననే, ప్రతి సంచికను పీడీఎఫ్‌గా మార్చి, సాధ్యమైనచో పాఠమును యూనికోడునకు త్రిప్పి, రెండు చోట్ల దాచుకొనవలెను. ఇంకను అను అక్షరములతోనే కూర్పు జరుపుచున్న సంఘములు ఆ యొక్క విండోస్ యంత్రమును ఇంటర్నెట్టునుండి విడదీసి కూర్పునకే ఉంచుకొని, తక్కిన యంత్రములను లినక్సునకు మార్చుట యుక్తము. అన్నిటిని ఒకేసారి మార్చుమని చెప్పువారి మాట వినవలదు.

స్థాపనము ముగిసిన పిదప పెన్‌డ్రైవును కొంతకాలము అట్లే యుంచుకొనుట మంచిది. యంత్రమెప్పుడైన మొండికెత్తినచో అది మరల ఉపయోగపడును. సామాన్య వాడుకకు త్రిప్పుకొనదలచినచో, విండోస్ దాని పరిమాణమును తప్పుగా, మిక్కిలి చిన్నదిగా చూపవచ్చును. పెన్‌డ్రైవు చెడలేదు, ప్రతిబింబపు విభాగపట్టిక ఇంకను దానిపై నున్నది. విండోస్‌లో డిస్క్‌పార్ట్ అను ప్రోగ్రామునందు ఆ డ్రైవును జాగ్రత్తగా ఎన్నుకొని క్లీన్ అను ఆజ్ఞ నిచ్చి, క్రొత్త విభాగమును సృష్టించి ఫార్మాట్ చేసినచో పూర్తి పరిమాణము తిరిగి వచ్చును. మ్యాకులో డిస్క్ యుటిలిటీనందు, విభాగమును గాక, పై వరుసలోనున్న డ్రైవునే ఎన్నుకొని ఎరేజ్ చేయవలెను.